తక్కువ ఖర్చుతో ఆటల కంప్యూటరు: ఎన్నిక, సంరక్షణ

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మాదాపూరు బండల నడుమ, సైబర్ టవర్స్ అను భవనమును 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. ఆ భవనము చుట్టును పెరిగినదే నేటి హైటెక్ సిటీ. ఇంటెల్, మైక్రాన్ సంస్థలు 2019లో హైదరాబాదునందు తమ రూపకల్పన కేంద్రములను తెరచినవి. ఎ.ఎం.డి., ఎన్విడియా సంస్థల ఇంజనీర్లును ఇచ్చట పని చేయుచున్నారు. కంప్యూటరు తెరపై బొమ్మలు గీయు చిప్పుల శాస్త్రములో పేరు గడించిన రాజా కోడూరి ఆంధ్ర విశ్వవిద్యాలయములో చదివినవారే. అంతకు పూర్వమే, నగరమునకు తూర్పు దిక్కున 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వారు టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారు చేసిరి. కావున కంప్యూటరు యంత్రము మన నగరమునకు క్రొత్త చుట్టము కాదు.

అయినను, ఇదే నగరములో ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి, ఆటలు ఆడుకొనుటకు ఇంట ఒక డెస్క్‌టాప్ కావలెనని కోరినపుడు, ఏమి కొనవలెనో తెలియక ఇంటిల్లిపాదియు తికమక పడుదురు. ఆ కుటుంబము ఎంతో కష్టముతో 40,000 రూపాయలు కూడబెట్టినదనుకొందము. అంగడిలో ఒకరు ప్రాసెసరు గొప్పదనుచుందురు. మరియొకరు ర్యాము ఎక్కువ ఉండవలెననుచుందురు. వేరొకరు రంగురంగుల దీపములు గల పెట్టెను చూపుదురు. పొరపాటున కొనిన వస్తువును మార్చుకొనుటకు రెండవమారు సొమ్ము దొరకదు. ఈ చిక్కునుండి బయటపడుటకు పెద్ద ఇంజనీరింగు చదువు అక్కరలేదు. విద్యుత్తు, ఉష్ణము, కాలము - వీనిని గురించి పదవ తరగతి లోపల మనము నేర్చుకొను సంగతులే చాలును. అది ఎట్లో ఈ వ్యాసములో చూతము.

ఆటలో యంత్రము చేయు పని

సినిమాలో వలెనే కంప్యూటరు ఆటలో కూడ కదలిక అనునది కంటికి కలుగు భ్రమయే. నిశ్చలమైన బొమ్మలు వెంటవెంటనే మారుటచే మనకు కదలిక తోచును. ఒక్కొక్క బొమ్మకు ఫ్రేము అని పేరు. అయితే సినిమాలో బొమ్మలు ముందే తీసి పెట్టబడి యుండును. ఆటలో అట్లు కాదు. ఆడువాడు ఏ మీట నొక్కునో ముందుగా తెలియదు కనుక, ప్రతి బొమ్మను యంత్రము అప్పటికప్పుడు గీయవలెను.

సామాన్యమైన మానిటరులో అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు ఉండును. వీనిని హెచ్చించిన 20,73,600 చుక్కలగును. సెకనుకు 60 ఫ్రేములు కావలెనన్న, సుమారు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు ప్రతి సెకనులోను రంగు నిర్ణయింపవలెను. ఒక్కొక్క ఫ్రేమునకు దొరకు కాలము 1,000 మిల్లీసెకనులను 60చే భాగింపగా వచ్చు 16.7 మిల్లీసెకనులు మాత్రమే.

ఈ పనిని ఇద్దరు పంచుకొందురు. ఆటగాడు ఎచ్చటనున్నాడు, బంతి ఎటు పోవుచున్నది, గోడకు తగిలినదా లేదా అను లెక్కలను ప్రాసెసరు చేయును. ఆ లెక్కల ననుసరించి చుక్కలకు రంగులు వేయు పనిని గ్రాఫిక్సు చిప్పు చేయును. ఒక ఫ్రేమునకు గ్రాఫిక్సు చిప్పు రంగులు వేయుచుండగా, ప్రాసెసరు తరువాతి ఫ్రేము లెక్కలను సిద్ధము చేయుచుండును.

జోడెడ్ల న్యాయము

ఒక బండికి బలమైన యెద్దును, నీరసపు యెద్దును జతగా కట్టిన, బండి నీరసపు యెద్దు నడకతోనే నడచును. కంప్యూటరులోను ఇదే న్యాయము. ఇద్దరును ఒకేమారు పని చేయుచున్నందున, ఒక ఫ్రేమునకు పట్టు కాలము వారిలో ఆలస్యము చేయువాని కాలమే యగును.

ఒక ఉదాహరణము తీసికొందము. ప్రాసెసరు తన వంతు పనిని 8 మిల్లీసెకనులలోను, గ్రాఫిక్సు చిప్పు తన పనిని 20 మిల్లీసెకనులలోను ముగించుననుకొందము. అపుడు ఫ్రేమునకు 20 మిల్లీసెకనులు పట్టును. అనగా సెకనుకు 50 ఫ్రేములు. ఇపుడు సొమ్ము వెచ్చించి, 5 మిల్లీసెకనులలో పని ముగించు ప్రాసెసరును తెచ్చితిమి. ఫలితమేమి? మరల 50 ఫ్రేములే. ఆ సొమ్ము వ్యర్థమైనది. అట్లుగాక పాత ప్రాసెసరునే ఉంచి, 10 మిల్లీసెకనులలో పని ముగించు గ్రాఫిక్సు కార్డును తెచ్చిన, ఫ్రేములు 100 అగును. అంతకంటెను గొప్పదగు, 5 మిల్లీసెకనులు పట్టు కార్డును తెచ్చిన 200 ఫ్రేములు వచ్చునా? రావు. ఈమారు 8 మిల్లీసెకనులు పట్టు ప్రాసెసరు అడ్డుపడును. 125 ఫ్రేములే వచ్చును. కావున ఏదో ఒక భాగము గొప్పగా ఉండుట ముఖ్యము కాదు. భాగములకు జత కుదురుట ముఖ్యము.

మానిటరును కూడ ఈ లెక్కలో చేర్చవలెను. సెకనుకు 60 మారులు మాత్రమే బొమ్మను మార్చగల మానిటరును ముందుంచుకొని 125 ఫ్రేములను కోరిన, అందులో సగమునకు పైగా పూర్తిగా మన కంట పడనే పడవు.

ఇంట ఇదివరకే ఒక కంప్యూటరు ఉన్నచో, అందులో నీరసపు యెద్దు ఏదియో తెలిసికొనుటకు కాసు ఖర్చు లేని పరీక్ష ఒకటి కలదు. ఆటలోని అమరికలలో ఫ్రేముల సంఖ్యను చూపునట్లు చేసి, ఒక చోట నిలిచి ఆ సంఖ్యను వ్రాసికొనవలెను. తరువాత బొమ్మ పరిమాణమును 1,920 × 1,080 నుండి 1,280 × 720కు తగ్గించి, అదే చోట మరల చూడవలెను. చుక్కలు సగముకంటె తక్కువ అయినవి గనుక గ్రాఫిక్సు చిప్పు పని తగ్గినది. ప్రాసెసరు పని మాత్రము మారలేదు. ఫ్రేములు బాగుగా పెరిగినచో గ్రాఫిక్సు చిప్పే ఆలస్యము చేయుచున్నదని అర్థము. పెరగనిచో లోపము ప్రాసెసరులోగాని ర్యాములోగాని ఉన్నది. ఒక రాశిని మార్చి, తక్కినవానిని మార్చక ఫలితమును చూచుట అను ప్రయోగ పద్ధతికి ఇంతకంటె చక్కని ఉదాహరణము తరగతి గదిలో దొరకదు.

జ్ఞాపకములు మూడు

ర్యాము కొనునపుడు ఎన్ని గిగాబైట్లని మాత్రమే అడుగుట అలవాటు. ఎన్ని దారులని కూడ అడుగవలెను. డి.డి.ఆర్.4 – 3200 రకపు ర్యాము సెకనుకు 320 కోట్ల మారులు, మారునకు 8 బైట్ల చొప్పున సమాచారము నందించును. అనగా ఒక దారిన సెకనుకు 25.6 గిగాబైట్లు. సామాన్యమైన మదరుబోర్డులలో రెండు దారులుండును. 16 గిగాబైట్ల ముక్క ఒక్కటి పెట్టిన ఒక దారి ఖాళీగా పడియుండును. 8 గిగాబైట్ల ముక్కలు రెండు పెట్టిన రెండు దారులును తెరచుకొని 51.2 గిగాబైట్లు పారును. ప్రత్యేకమైన గ్రాఫిక్సు కార్డు కొనలేనివారు, రైజెన్ 5 5600జి వలె గ్రాఫిక్సు చిప్పును తనలోనే ఇముడ్చుకొనిన ప్రాసెసరును ఎన్నుకొందురు. అట్టివారికి ఈ రెండు దారుల సంగతి ప్రాణముతో సమానము. ఏలనన, అందులో గ్రాఫిక్సు చిప్పుకు సొంత జ్ఞాపకము లేదు; అది ర్యామునే ఆశ్రయించి బ్రతుకును. ప్రత్యేక కార్డుల స్థితి వేరు. 6 గిగాబైట్ల ఆర్.టి.ఎక్స్. 3050 కార్డు తన సొంత జ్ఞాపకమునుండి సెకనుకు 168 గిగాబైట్లు తీసికొనగలదు.

రెండవది ఈ కార్డులోని జ్ఞాపకము. ఆటలోని గోడల, నేలల, దుస్తుల చిత్రములు ఇందు నిలువ ఉండును. ఇది చాలనిచో చిత్రములు ర్యామునుండి మాటిమాటికి రావలసి, ఆట తడబడును. మూడవది శాశ్వత నిల్వ. పాతకాలపు హార్డు డిస్కు నిమిషమునకు 7,200 మారులు, అనగా సెకనుకు 120 మారులు తిరుగును. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకనులు. కోరిన సమాచారము సూదిక్రిందికి వచ్చుటకు సగటున అర చుట్టు, అనగా 4 మిల్లీసెకనులకు పైగా వేచియుండవలెను. సూది జరుగుటకు పట్టు కాలము వేరు. ఎస్.ఎస్.డి.లో తిరుగునదియు జరుగునదియు లేదు. దీనివలన ఫ్రేముల సంఖ్య అంతగా పెరగకపోయినను, ఆట తెరచుకొనుటకు పట్టు కాలము ఎంతో తగ్గును.

ర్యాము ధరలు మాత్రము స్థిరముగా ఉండవు. కృత్రిమ మేధకై కట్టుచున్న పెద్ద కేంద్రములు జ్ఞాపకపు చిప్పులను విరివిగా కొనుచుండుటచే 2025 చివరి భాగములో వీని ధరలు బాగుగా పెరిగినవి. ఆ సంవత్సరము డిసెంబరులో మైక్రాన్ సంస్థ, క్రూషియల్ అను పేరుతో సామాన్య జనులకు అమ్ముచున్న ర్యాము, ఎస్.ఎస్.డి.ల వ్యాపారమునుండి తప్పుకొనుచున్నట్లు ప్రకటించినది. కావున పాత ధరల పట్టికను నమ్మి బయలుదేరరాదు. కొనుటకు ముందు మూడు అంగళ్లలోనైనను ధర విచారింపవలెను.

సంఖ్యను నమ్మరాదు, చీటీని చదువవలెను

తక్కువ ఖర్చు యంత్రములలో ఎక్కువ మోసపోవు భాగము ఎస్.ఎం.పి.ఎస్. అను విద్యుత్ పెట్టె. గోడలోని 230 వోల్టులను యంత్రమునకు తగిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చునది ఇదియే. పైకి కనబడదు, ఆటను వేగవంతము చేయదు, కనుక దీనిపై ఖర్చు తగ్గింపజూతురు.

చవక క్యాబినెట్టుతో ఉచితముగా వచ్చు పెట్టెపై పెద్ద అక్షరములతో 450 వాట్లని వ్రాసియున్నదనుకొందము. ప్రక్కనున్న చీటీలో చిన్న అక్షరములతో 12 వోల్టుల దారికి 18 ఆంపియర్లు అని ఉన్నది. వోల్టులను ఆంపియర్లచే హెచ్చించిన వాట్లు వచ్చునని మనకు తెలియును. 12 × 18 = 216 వాట్లు. ప్రాసెసరును, గ్రాఫిక్సు కార్డును తమకు కావలసిన విద్యుత్తును దాదాపు అంతయు ఈ 12 వోల్టుల దారినుండియే తీసికొనును. కనుక ఆటల యంత్రమునకు ఆ పెట్టె విలువ 216 వాట్లే గాని 450 కాదు.

ఇప్పుడు అవసరమును లెక్కింతము. ప్రాసెసరుకు 90 వాట్లు, ఆర్.ఎక్స్. 6600 వంటి గ్రాఫిక్సు కార్డుకు 132 వాట్లు, తక్కిన భాగములకు 40 వాట్లు; మొత్తము 262 వాట్లు. కార్డులు క్షణకాలము చెప్పినదానికంటె ఎక్కువ లాగుట కలదు గనుక, దీనికి ఒకటిన్నర రెట్లు చూచుకొనుట మంచిది. అనగా 12 వోల్టుల దారిపైననే సుమారు 400 వాట్లీయగల పెట్టె కావలెను. బలము చాలని పెట్టె ఆట మధ్యలో యంత్రమును ఆర్పివేయును. నాసిరకపుదైనచో చెడిపోవుచు మదరుబోర్డును కూడ తనతో తీసికొనిపోగలదు. రెండువేలు మిగిల్చబోయి ఇరువదివేలు పోగొట్టుకొనుట ఇట్లే జరుగును.

కరెంటు పోయినపుడు ఆదుకొను యు.పి.ఎస్. విషయములోను చీటీ చదువవలెను. 600 వి.ఎ. అని వ్రాసియున్న చిన్న యు.పి.ఎస్. సామాన్యముగా 360 వాట్లే ఇచ్చును. అదియు యంత్రమును క్రమముగా మూసివేయుటకు చాలు కొద్ది నిమిషములకే గాని, ఆట కొనసాగించుటకు కాదు.

ఆఫీసులు విడిచిన యంత్రములు

సైబరాబాదు ప్రాంతమున ఉండుటచే మనకొక సౌకర్యము కలదు. కంపెనీలు కొన్నేండ్లకొకమారు తమ డెస్క్‌టాపులను మార్చుచుండును. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్.పి. ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ వంటి పేర్లుగల ఆ పాత యంత్రములు బాగుచేయబడి మరల అంగడికి వచ్చును. కంప్యూటరు భాగములకు పేరుపొందిన అంగడి సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు. రాయదుర్గమునుండి మెట్రో రైలు ఎక్కినవారు మారు బండి అక్కరలేకయే ప్యారడైజ్ స్టేషనులో దిగవచ్చును. క్రొత్త భాగములును పాత యంత్రములును పోల్చి చూచుటకు అది తగిన చోటు.

ఇట్టి పాత యంత్రమును కొని, అందులో ఒక గ్రాఫిక్సు కార్డును అమర్చుట తక్కువ ఖర్చుకు మంచి మార్గమే. కాని నాలుగు సంగతులు పరిశీలింపవలెను.

మొదటిది విద్యుత్తు. ఈ యంత్రములలోని విద్యుత్ పెట్టెలు సామాన్యముగా 180 నుండి 260 వాట్లవి, వాని ప్లగ్గులును తరచుగా ఆ కంపెనీకే ప్రత్యేకమైనవి, మార్చుట కష్టము. మదరుబోర్డులోని కార్డు గాడి 75 వాట్లవరకు మాత్రమే ఇచ్చును. కావున వేరుగా తీగ అక్కరలేక గాడినుండియే బ్రతుకు కార్డును వెదకవలెను. 75 వాట్ల జి.టి.ఎక్స్. 1650లో కొన్ని రకములు, 70 వాట్ల 6 గిగాబైట్ల ఆర్.టి.ఎక్స్. 3050, 53 వాట్ల ఆర్.ఎక్స్. 6400 ఇట్టివి.

రెండవది కొలత. సన్నని పెట్టెలలో సగము ఎత్తు కార్డులే పట్టును. స్కేలుతో కొలిచిగాని కార్డు కొనరాదు.

మూడవది గాడి తరము. ఆర్.ఎక్స్. 6400 కార్డు నాలుగు దారులతోనే మదరుబోర్డుతో మాటలాడును. క్రొత్త బోర్డుపై ఆ లోటు అంతగా తెలియదు. దారి వేగము సగమే ఉన్న పాత బోర్డుపై, కార్డు జ్ఞాపకము నిండిన ఆటలలో, అది బాగుగా వెనుకబడును.

నాలుగవది ప్రాసెసరు వయస్సు. విండోస్ 10కు సామాన్య వినియోగదారుల విషయమున సంస్థ ఇచ్చు సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో సామాన్యముగా 8వ తరమునుండియే అంగీకరించును. కనుక అంగడిలో చవకగా కనబడు 6వ, 7వ తరముల యంత్రములను కొనుటకు ముందు ఆలోచింపవలెను. లైనక్స్ పై అనేకమైన ఆటలు నడచుమాట నిజమే గాని, మోసగాండ్రను పట్టు ప్రత్యేకమైన ఏర్పాటు గల వెలోరెంట్ వంటి ఆటలు నడువవు.

పాత గ్రాఫిక్సు కార్డును విడిగా కొనువారు ఇంకను జాగ్రత్త వహింపవలెను. ఇథీరియం అను అంకెల నాణెమును తవ్వు పద్ధతి 2022 సెప్టెంబరులో మారుటచే, రాత్రింబవళ్లు ఆ పనిలో అలసిన కార్డులు అనేకము అంగళ్లకు వచ్చినవి. అట్టి కార్డు తప్పక చెడినదని కాదు. దాని ఫ్యాన్లు అరిగియుండవచ్చును, లోని పేస్టు ఎండియుండవచ్చును. అమ్మువాని యెదుటనే అరగంటసేపు బరువైన ఆటను నడిపి చూడవలెను. తెరపై అక్కరలేని చుక్కలు, చారలు కనబడినను, ఫ్యాను గరగరలాడినను వదలివేయవలెను. ఒక పాత చిప్పు మరియొక గొప్ప చిప్పు పేరు చెప్పునట్లు మార్చి అమ్ము మోసము కూడ కలదు; కనుక పేరును నమ్మక, ఫ్రేముల సంఖ్యను చూచి నమ్మవలెను. జి.ఎస్.టి. బిల్లు, దానిపై వస్తువు క్రమసంఖ్య లేనిదే క్రొత్త వస్తువును కొనరాదు. వారంటీకి ఆధారము అదియే.

వేడిమియే అసలు శత్రువు

యంత్రము తీసికొను విద్యుత్తు చివరకు దాదాపు అంతయు వేడిమిగా మారును. 300 వాట్ల యంత్రము గదిలో 300 వాట్ల పొయ్యి వంటిదే. దినమునకు 3 గంటలు ఆడిన 0.9 యూనిట్టు, నెలకు 27 యూనిట్లు ఖర్చగును. బిల్లు సంగతి అటుంచి, ఆ వేడి ఎచ్చటికి పోవలెను?

ప్రాసెసరుపై లోహపు రెక్కలు, వానిపై ఫ్యాను ఉండును. వాటుకు ఇన్ని డిగ్రీలని ఈ అమరిక యొక్క ఉష్ణ నిరోధమును చెప్పవచ్చును. అది వాటుకు 0.6 డిగ్రీలనుకొందము. ప్రాసెసరు 65 వాట్లు తీసికొనుచున్నచో, గది వేడికంటె 65 × 0.6 = 39 డిగ్రీలు పైన నిలుచును. డిసెంబరులో గది 25 డిగ్రీలున్న ప్రాసెసరు 64 డిగ్రీల వద్ద ఉండును. మే నెలలో, పైకప్పు కాలిన గదిలో 42 డిగ్రీలున్న 81 డిగ్రీలకు చేరును. ఇంతవరకు భయము లేదు.

ఇప్పుడు దుమ్మును కలుపుదము. కొండాపూరు, నార్సింగి, కోకాపేట వైపున భవన నిర్మాణములు ఎడతెగక సాగుచున్నవి. బండలు పగులగొట్టిన పొడి, సిమెంటు పొడి గాలిలో తేలి ఇండ్లలోనికి వచ్చును. ఫ్యాను నిత్యము గాలిని లాగుచుండును గనుక, ఆ పొడి రెక్కల నడుమ పేరుకొని దుప్పటివలె కప్పును. ఉష్ణ నిరోధము 0.6 నుండి 0.9కి పెరిగినదనుకొందము. అదే 65 వాట్లకు 58.5 డిగ్రీల తేడా వచ్చును. మే నెలలో 42 + 58.5 = 100.5 డిగ్రీలు! నేటి ప్రాసెసర్లలో పెక్కింటికి 95 – 100 డిగ్రీల ప్రాంతమున హద్దు కలదు. ఆ హద్దు తాకగానే తన్ను తాను కాపాడుకొనుటకు ప్రాసెసరు వేగమును తగ్గించుకొనును. డిసెంబరులో చక్కగా ఆడిన ఆట మే నెలలో తడబడుటకు కారణమిదే. యంత్రము పాతబడినదని తలచి క్రొత్తది కొనువారు కలరు. నిజమునకు దానికి కావలసినది ఒక బ్రష్షు మాత్రమే.

వేడిని పుట్టిన చోటనే తగ్గించుట మరియొక ఉపాయము. చిప్పు ఖర్చు చేయు శక్తి వోల్టేజి వర్గమును బట్టియు, పౌనఃపున్యమును బట్టియు ఉండును. వోల్టేజిని, పౌనఃపున్యమును చెరి పదవ వంతు తగ్గించిన, 0.9 × 0.9 × 0.9 = 0.729. అనగా వేగము పదింట ఒక వంతు తగ్గగా వేడి సుమారు 27 శాతము తగ్గినది. గ్రాఫిక్సు కార్డులకు తయారీదారులిచ్చు ఉచిత సాఫ్ట్‌వేరులో శక్తి పరిమితిని 100 నుండి 80 శాతమునకు దించిన, యంత్రమే ఈ పనిని చేసికొనును. ఎండకాలములో ఇది తప్పక చేయదగినది. క్యాబినెట్టును మంచము క్రిందను, మూసిన అలమారలోను ఉంచరాదు; వెనుకవైపు గోడకు జానెడు దూరముండవలెను.

శుభ్రము చేయు విధానము

రెండు మూడు నెలలకొకమారు, ముఖ్యముగా ఎండలు ముదురుటకు ముందు, ఈ క్రింది పనులు చేయవలెను.

యంత్రమును మూసి, ప్లగ్గును పూర్తిగా తీసి, తరువాత పవర్ మీటను కొన్ని సెకనులు నొక్కియుంచవలెను. లోపల మిగిలిన విద్యుత్తు దానివలన చాలవరకు పోవును. అయినను విద్యుత్ పెట్టెను ఎన్నడును విప్పరాదు. దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచియుండగలదు.

లోపలి భాగములను తాకుటకు ముందు కిటికీ ఇనుప ఊచ వంటి లోహమును ముట్టి, దేహముపైనున్న స్థిర విద్యుత్తును పోగొట్టుకొనవలెను. దువ్వెన కాగితపు ముక్కల నాకర్షించు ఆ చిన్న విద్యుత్తే చిప్పులకు ప్రాణాంతకము కాగలదు.

బయట వరండాలో పెట్టి, మెత్తని బ్రష్షుతోను, చేతి బ్లోయరుతోను దుమ్మును వెడలగొట్టవలెను. ఊదునపుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టియుంచవలెను. లేనిచో అది మితిమీరిన వేగముతో తిరిగి చెడిపోవచ్చును. తడిగుడ్డ వాడరాదు. ముక్కుకు గుడ్డ కట్టుకొనుట మంచిది.

ప్రాసెసరుకును లోహపు రెక్కలకును నడుమనుండు పేస్టు రెండు మూడేండ్లకు ఎండిపోవుట కలదు. దుమ్ము తీసినను వేడి తగ్గనిచో పాత పేస్టును తుడిచి, బఠాణీ గింజంత క్రొత్త పేస్టు పెట్టవలెను. రెండు లోహపు తలముల నడుమ గాలి మిగులకుండ చేయుటయే దాని పని. గాలి మంచి ఉష్ణవాహకము కాదు. ఎక్కువ పూసిన ఎక్కువ చల్లబడునని తలచుట పొరపాటు.

క్యాబినెట్టు వెనుక ఖాళీ గాడులకు రేకులు బిగించియుంచవలెను. వానకాలములో చీమలు, బల్లులు వెచ్చదనము కోరి ఆ కంతలనుండి లోనికి పోవును. కొన్నేండ్లకు యంత్రము తేదీని, సమయమును మరచుచున్నచో భయపడనక్కరలేదు. మదరుబోర్డుపైనున్న 3 వోల్టుల నాణెపు బ్యాటరీ అయిపోయినదని అర్థము. దానిని మార్చుటకు అయ్యెడి ఖర్చు స్వల్పము.

ఎర్తు సంగతి

క్యాబినెట్టు ఇనుమును ముట్టినపుడు వ్రేళ్లు జివ్వుమనుచున్నవని కొందరు చెప్పుచుందురు. దీనిని తేలికగా తీసికొనరాదు. విద్యుత్ పెట్టెలో అక్కరలేని తరంగములను వడకట్టుటకు రెండు చిన్న కెపాసిటర్లుండును. ఒకటి ఫేజునుండి ఇనుప పెట్టెకు, మరియొకటి న్యూట్రలునుండి ఇనుప పెట్టెకు కలుపబడియుండును. ఇంటిలో ఎర్తు తీగ సరిగా ఉన్నచో వానినుండి వచ్చు స్వల్ప విద్యుత్తు భూమిలోనికి పోవును. ఎర్తు లేనిచో ఇనుప పెట్టె రెంటికి నడుమ నిలిచి, 230 వోల్టులలో సగము, సుమారు 115 వోల్టుల వద్ద ఉండును. ప్రవాహము మిక్కిలి తక్కువ గనుక జివ్వుమనుటతో సరిపోవును. కాని ఎప్పుడైన లోపల తీగ ఊడి పెట్టెకు తగిలినచో, కాపాడవలసిన ఎర్తు అచ్చట లేదు. మూడు ముళ్ల ప్లగ్గును రెండు ముళ్ల సాకెట్టులో ఎట్లో ఇరికించి వాడుట ప్రాణముతో చెలగాటము. ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తు సరిచేయించిన పిమ్మటనే యంత్రమును నడుపవలెను. ఈ ఖర్చును యంత్రపు ధరలో భాగముగానే ఎంచవలెను.

సొమ్ము పంచుకొనుట

ఇప్పుడు మొదటి 40,000 రూపాయల ప్రశ్నకు వత్తము. ముందుగా ఏ ఆటలు ఆడవలెనో, ఏ మానిటరుపై ఆడవలెనో నిర్ణయించుకొనవలెను. తరువాత ఆ ఆటలకు సెకనుకు 60 ఫ్రేములు రాగల గ్రాఫిక్సు కార్డును, దానికి జత కుదురు ప్రాసెసరును ఎన్నుకొనవలెను. జత ర్యాము, ఎస్.ఎస్.డి., చీటీ చదివి కొనిన విద్యుత్ పెట్టె - వీని విషయములో రాజీ పడరాదు. దీపములు, గాజు పలకలు, పెద్ద పేర్లు చివరివి. కార్డుకు ఇప్పుడు సొమ్ము చాలనిచో, గ్రాఫిక్సు చిప్పును ఇముడ్చుకొనిన ప్రాసెసరుతో ఆరంభించి, మంచి విద్యుత్ పెట్టెను మాత్రము ఇప్పుడే కొని, కార్డును మరుసటి ఏడు చేర్చుకొనవచ్చును. డెస్క్‌టాపునకు గల గొప్ప గుణమిదే. దానిని భాగము వెంట భాగముగా పెంచుకొనవచ్చును. అదే యంత్రముపై ప్రోగ్రాములు వ్రాయుటయు, బొమ్మలు గీయుటయు నేర్చుకొనవచ్చునని తల్లిదండ్రులకు చెప్పవచ్చును.

ఉపాధ్యాయులకొక మనవి. పనికిరాకుండ పోయిన కంప్యూటరు ఒకటి అనేక పాఠశాలలలో మూలపడి యుండును. విద్యుత్ పెట్టెను మాత్రము విప్పక, దానిని తరగతిలో తెరచి చూపుడు. చీటీపైని ఆంపియర్లను చదివించి వాట్లు లెక్కకట్టించుడు. రెక్కల నడుమనున్న దుమ్మును చూపి, దానివలన ఎన్ని డిగ్రీలు పెరుగునో అడుగుడు. ఆ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పగల విద్యార్థిని అంగడిలో ఎవరును సులభముగా మోసగింపలేరు.